నాయిన బ్లేడు

చెన్నబసప్పకు బ్లేడ్ల మీద కోపం ఏడాదిగా రగులుతూనే ఉంది. "రెండుమాట్లు గీసుకుంటె మొద్దువారుతున్నయి! అంత నకిలీ మాల్ తెచ్చి పెట్టిండు రేవణసిద్ధప్ప" అని పొద్దున్నే సబ్బు నురగ మూతితో ఇల్లంతా వినపడేలా తిట్టేవాడు. పోనీ ఇంకో షాపులో కొంటాడా అంటే కొనడు. జహీరాబాద్‌లో వాళ్ళ కులంవాళ్ళ పద్ధతే అంత. ఉప్పు నుంచి జ్వరం గోలీ దాకా ఏది కావాలన్నా మనవాళ్ళ దుకాణమే. రేవణసిద్ధప్ప అతనికి చిన్నాయన కొడుకు, మెడికల్ షాపు నడుపుతాడు. అతణ్ని కాదని ఎదుటి షాపు మెట్లెక్కితే సాయంత్రానికల్లా పంచాయితీ.

ఆ బ్లేడ్లు మొద్దుబారేది చెన్నబసప్ప కూతురు శ్రుతి గడ్డం వల్ల. అవును, ఆడపిల్ల గడ్డమే. ముక్కు విరిచేవాళ్ళు విరుచుకోండి. ఇంట్లో అందరికంటే ముందు లేచి, బాత్‌రూమ్ గడియ పెట్టుకుని, తండ్రి రేజరుతో గీసుకుని, కడిగి మళ్ళీ ఉన్నచోటే పెట్టేసేది. ఆ తర్వాత మందంగా పౌడరు. తనకంటూ బ్లేడు కొనుక్కోవాలన్నా కాకా అని పిలిచే రేవణసిద్ధప్ప దగ్గరే కొనాలి, ఆయన ఎందుకని అడగకుండా ఇవ్వడు.

ఈ సంగతి తల్లి సావిత్రమ్మ ఒక్కదానికే తెలుసు. మేనత్త సంగమ్మకు తెలిసింది పైపై సంగతులే. వాటితోనే ఆవిడ పిల్లను కాల్చుకు తినేది. "మొటిమలు సూడు! మెడ సూడు, మసిగుడ్డ తీర్గ! తానం చేస్తున్నవా, నీళ్ళు చల్లుకొని వస్తున్నవా?" శ్రుతి రుద్ది రుద్ది మెడ మీద తోలు లేచింది గానీ నలుపు వదల్లేదు. పాపిట దగ్గర జుట్టు పలచబడితే, అల్లం వ్యాపారం చేసే ఇంట్లో అల్లానికి కొదవేముందని పచ్చి అల్లం రసం పట్టించారు. మంట పుట్టింది, ఉన్న జుట్టూ ఊడింది.

చివరికి శ్రుతి తెగించి స్నేహితురాలు నవతను తోడు తీసుకుని సంగారెడ్డి వెళ్ళింది. డాక్టరమ్మ స్కానింగ్ తీయించి విడమరిచి చెప్పింది. ఒంట్లో మగ హార్మోన్ ఎక్కువైంది, గడ్డమూ మొటిమలూ మెడ నలుపూ జుట్టు ఊడటమూ అన్నీ దాని పనే. నెలల తరబడి నెలసరి ఆగడమూ అందుకే. పట్టించుకోకపోతే ముందుముందు షుగర్ కూడా రావచ్చు. "ఈ గోలీలు మామూలుగా పిల్లలు పుట్టకుండా వాడేవే, నీకు మాత్రం హార్మోన్ల కోసం ఇస్తున్నాను. మధ్యలో ఆపొద్దు" అని మరీమరీ చెప్పింది. నీ తప్పేం లేదని ఒక మనిషి చెప్పగా శ్రుతి వినడం అదే మొదలు. బస్సులో ఏడుస్తూనే వచ్చింది.

ఆ గోలీలు సంగారెడ్డిలోనే కొనుక్కుంటే సరిపోయేది. కానీ పుట్టినప్పటి నుంచి పడిన అలవాటు, కాళ్ళు వాటంతటవే ఆ కాకా షాపుకు నడిచాయి. రేవణసిద్ధప్ప చీటీ చూశాడు, పిల్లను చూశాడు, గోలీలు పేపర్లో చుట్టి ఇచ్చాడు. ఆమె ఇల్లు చేరకముందే అతని ఫోను అల్లం గోదాముకు చేరింది. పెద్దమనిషి!

"ఎవడే వాడు?" గోదాము నుంచి ఉరికొచ్చి గడపలోనే పట్టుకున్నాడు చెన్నబసప్ప.

"ఎవడు లేడు నాయిన. ఒంట్ల హార్మోన్లు ఎక్కువైనయని డాక్టరమ్మ ఇచ్చింది."

"పెండ్లిగాని పిల్లకు గీ గోలీలు ఏ డాక్టరిస్తదే?" అంటూ సంగమ్మ వాటిని లాక్కుని మోరీలో పడేసింది.

"అవ్వా, నువ్వన్న చెప్పు" అంది శ్రుతి తల్లి వైపు తిరిగి.

సావిత్రమ్మ తల వంచుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతూనే ఉంది. నోరు తెరిస్తే గడ్డం సంగతి బయటపడుతుందని ఆమె భయం. కన్నతల్లి! కూతురి మీద రంకు మోపుతుంటే బియ్యం ఏరుకుంటూ కూర్చుంది. శ్రుతికి ఒళ్ళు మండిపోయింది. చున్నీతో పౌడరంతా తుడిచేసి, తండ్రి చెయ్యి పట్టుకుని తన గడ్డానికి ఆనించింది. పొద్దస్తమానం అల్లం కొమ్ములు నలిపి రకం చెప్పే బొటనవేలు అది. గరగరమని గుచ్చుకుంది.

"నీ బ్లేడ్లు నకిలీవి కావు నాయిన. నేను గీసుకుంటున్న."

చెన్నబసప్ప కాలినట్టు చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"ఓయమ్మో!" సంగమ్మ నోరు కొట్టుకుంది. "దీనికన్న ఎవడో ఉన్నడన్న ముచ్చటనే నయ్యం. నాలుగు తన్ని దాచుకుందుము. గడ్డం ఎట్ల దాస్తమే?"

సావిత్రమ్మ అవునన్నట్టు తలూపింది. అన్నింటికంటే అదే శ్రుతి గుండెను కోసింది.

చెన్నబసప్ప రేజరు తీసి బీరువాలో పెట్టి తాళం వేశాడు. "డాక్టరు లేదు, గోలీలు లేవు. ఇగ ఇంట్లనే పడి ఉండు" అన్నాడు. బ్లేడు లేకపోతే సిగ్గుతో అదే గడప దాటదని అతని ధీమా.

శ్రుతి కొన్నాళ్ళు గదిలోనే పడుకుంది. అద్దంలో గడ్డం నల్లగా కమ్ముకొస్తుంటే చచ్చిపోదామనిపించింది. గోలీలు మధ్యలో ఆపొద్దన్న డాక్టరమ్మ మాటే చెవుల్లో గింగిరాలు తిరిగింది. ఒక సాయంత్రం లేచి మొహం కడుక్కుంది. పౌడరు డబ్బా జోలికి పోలేదు.

"గా మొహంతోని ఎక్కడికే?" గుమ్మంలో అడ్డం నిలబడింది సంగమ్మ.

"నాకున్నది ఒక్కటే మొహం అత్తా. జరుగు."

మెడికల్ షాపు ముందు జనం గుంపుగా ఉన్నారు. ఒకామె శ్రుతిని చూసి పక్కామెను మోచేత్తో పొడిచింది. శ్రుతి ఆగకుండా కౌంటరు దాకా నడిచింది.

"కాకా, మొన్నిచ్చిన గోలీలు మళ్ళ ఇయ్యి."

"మెల్లగ బిడ్డా, జనం ఉన్నరు."

"నాయినకు ఫోన్ చేసినప్పుడు మెల్లగనే చెప్పినవా? ఎందుకు మింగుతున్ననో ఇప్పుడు సూడు. మంచిగ సూడు."

రేవణసిద్ధప్ప చూశాడు. చూసి కళ్ళు దించుకున్నాడు. గోలీలు తీసి పేపర్లో చుట్టబోయాడు.

"పేపర్ అక్కర్లేదు. ఒక బ్లేడ్ల పాకిట్ గూడ ఇయ్యి."

"మీ నాయినకా?" అలవాటుగా అడిగాడు.

"కాదు కాకా. నాకే."