సముద్రం వేడెక్కిందని రాసినవాణ్ణి

బిట్రగుంట లోకో షెడ్డు పక్కన పుట్టి పెరిగాను కనుక ఇంజన్ల గురించి నాకు తెలియనిది ఉండదని ఇరవై మూడేళ్ళ వయసులో గట్టిగా నమ్మేవాణ్ణి. మా నాన్న ఆవిరి ఇంజన్ మీద ఫైర్‌మన్. ఆయన బొగ్గు వేసేవాడే తప్ప ఇంజన్ విప్పి ఎరగడు. ఆ సంగతి నేను పట్టించుకోలేదు. ఆరు నెలలు మరపడవల శిక్షణ పొంది, పనిముట్ల సంచీ భుజాన వేసుకుని, అల్లూరుకు తూర్పున ఉప్పుటేటి ఒడ్డు మీదున్న ఒక చేపల పల్లెకు మెకానిక్కుగా వెళ్ళాను. అరవైల మొదట్లో సంగతి ఇది.

ఆ ఊరికి ఇంజన్ పడవ వచ్చి అప్పటికి నాలుగు నెలలే. తక్కినవన్నీ తెప్పలు, తెరచాప పడవలు. ఇంజన్ పడవను నడిపే సరంగుకు నలభై ఏళ్ళుంటాయి. గాలి వాసన చూసి చేప ఎటుందో చెప్పగల మనిషి. అయినా నన్ను “మేస్త్రీ” అని పిలిచేవాడు, నేను కూర్చోమనేదాకా నా ముందు కూర్చునేవాడు కాడు. ఆ మర్యాద నా చదువుకు న్యాయంగా దక్కాల్సిందేనని అనుకునేవాణ్ణి.

ఒకరోజు నెల్లూరు నుంచి మత్స్యశాఖ ఆఫీసరు గారు పడవ చూడ్డానికి వస్తున్నారని కబురొచ్చింది. పడవ మాసినట్టుందని నాకు తోచింది. ఏటి నీరు తీసిపోయే పాటు సమయంలో దాన్ని ఒడ్డుకు లాగించి, అడుగంతా గీకించి, దగ్గరుండి రెండు పూతలు తారు పూయించాను. “ఎక్కడా చెక్క కనపడకూడదు” అని పదేపదే చెప్పాను. కనపడలేదు. ఆఫీసరు గారు వచ్చారు, బురదగా ఉందని జీపు దిగకుండానే చూశారు, బాగుందన్నారు, వెళ్ళిపోయారు. అప్పటికి పడవ నీళ్ళలో ఉంది. తారు పూసిన భాగమంతా నీళ్ళ కిందే ఉంది.

మూడో రోజున పడవ ఏరు సముద్రంలో కలిసే మొగ దాటి గంటసేపు పోయిందో లేదో, వేడి చూపే ముల్లు ఎర్రగీతను తాకింది. ఇంజన్ మీది రంగు కాలిన వాసన. సరంగు ఇంజన్ ఆపి తెరచాప ఎత్తి వెనక్కి తెచ్చాడు. పక్కనుంచి పోతున్న తెప్పల వాళ్ళు కేకలేశారు.

“ఏం సరంగన్నా, ఇంజన్ను షికారు దిప్పకొస్తా ఉండావా?”

సరంగు నవ్వాడు. నాకే చెవులు ఎర్రబడ్డాయి.

ఆ ఇంజన్‌కు లారీకి ఉన్నట్టు రేడియేటరు ఉండదు. పడవ అడుగున ఒక చోట చిల్లుల ఇత్తడి రేకు ఉంటుంది. దానిలోంచి సముద్రపు నీరు లోపలి కుళాయికి, అక్కడినుంచి రబ్బరు గొట్టంలోకి వస్తుంది. పంపు ఆ నీటిని లాగి ఇంజన్ చుట్టూ తిప్పి, వేడెక్కినదాన్ని పక్కనున్న గొట్టంలోంచి బయటికి పోస్తుంది. వేడెక్కితే ముందు నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా లేదా చూడాలి. శిక్షణలో మొదటి రోజు మొదటి గంటలో చెప్పిన మాట అది. కానీ నీళ్ళు చూడ్డానికి మెకానిక్కు ఎందుకు? ఊరంతా ఒడ్డున నిలబడి చూస్తుంటే, విప్పదగ్గవి నాకు వేరే కనిపించాయి.

పంపు విప్పాను. లోపలి రబ్బరు రెక్కలు కొత్తవాటిలా ఉన్నాయి. బెల్టు బిగువుగానే ఉంది. నూనె మార్చాను. చివరికి ఇంజన్ హెడ్డు ఎత్తాను. ఎత్తేటప్పుడు నలుగురు సాయం పట్టారు, అందరూ ఊపిరి బిగబట్టారు. దాని కింద బిగించే గ్యాస్కెట్ రేకు నిక్షేపంలా ఉంది. అయినా ఉత్త చేతులతో మూయడం నామోషీగా తోచి కొత్తది వేశాను. రెండు రోజులు పట్టింది. ఒడ్డున కట్టేసి మెల్లగా నడిపితే ముల్లు కదల్లేదు. “చూశావా?” అన్నాను సరంగుతో. మర్నాడు సముద్రంలోకి పోయి వేగం పెంచగానే మళ్ళీ ఎర్రగీతకు చేరింది. మళ్ళీ తెరచాప. మళ్ళీ తెప్పల వాళ్ళ కేకలు.

ఆ మధ్యాహ్నం కూర్చుని గంటసేపు ఆలోచించి ఆఫీసరు గారికి నివేదిక రాశాను. ఇంజన్ చల్లటి దేశంలో తయారైనది గనుక, మన తీరంలో సముద్రపు నీరే అధికంగా వేడిగా ఉన్నందున ఇంజన్ చల్లబడడం లేదని తేల్చాను. ఇంగ్లీషులో చదువుకుంటే నాకే ముచ్చటేసింది. సరంగుకు అర్థం చెప్పాను. అతడు తల గోక్కున్నాడు.

“అట్టయితే ఏటి నీళ్ళే గదా మేస్త్రీ ఎక్కువ కాగేది? ఈడ బాగనే నడస్తాందే?”

దానికి జవాబు లేదు కనుక నాకు వినపడలేదు.

ఆఫీసరు గారికి నా నివేదిక బాగా నచ్చింది. పరిశీలన శ్రద్ధగా ఉందనీ, పైకి పంపుతున్నాననీ, ఈలోగా నీళ్ళు చల్లగా ఉండే తెల్లవారుజామునే ఇంజన్ వాడమనీ వారంలో జవాబు రాశారు. తెల్లవారుజామున వాడాం. ముల్లుకు తెల్లవారిన సంగతి తెలియలేదు.

సరంగు తల్లికి అరవై పైబడి ఉంటాయి. పొద్దంతా ఏటి ఒడ్డున చేపలు ఉప్పేసి ఎండబెట్టేది. నాతో ఎప్పుడూ మాట్లాడేది కాదు. ఒకరోజు నేను పంపు మూడోసారి విప్పుతుంటే ఒక బిందె చంకన పెట్టుకుని వచ్చి నిలబడింది.

“అబ్బయ్యా, నేనొక మాట జెప్తే కోప్పడవు గదా?”

“చెప్పవ్వా.”

“నాకు మోకాళ్ళ నొప్పులు. మీరు ఈడ కట్టేసి ఇంజన్ ఆడిస్తారే, అప్పుడు ఆ గొట్టంలోంచి వొచ్చే నీళ్ళు బిందెతో పట్టుకొని కాళ్ళకు పోసుకుంటా. ముందైతే బిందె పెట్టి ఆకుకు సున్నం రాసుకునేలోపల నిండేది. ఇప్పుడు ఆకు నమిలి ఊసినా సగం గూడా రాలా. వొచ్చేది గూడా సలసలా కాగతా ఉండాది. పొయినసారి కాలు బొబ్బలెక్కింది.”

“ఎప్పటినుంచి?”

“మీరు తారు పూసినకాడ్నుంచి.”

పంపు మూత కింద పెట్టాను. ఎంత నీరు, ఎంత వేడి, ఎప్పటినుంచి: నేను కొలవాల్సిన మూడూ ఒక బిందెతో కొలిచి చెప్పింది. నేను పది రోజులుగా ఆ గొట్టం పక్కనే కూర్చుని ఉన్నాను.

“ముందే చెప్పలేకపోయావా అవ్వా?”

“మావాడికి జెప్పినా. మేస్త్రీకి తెలీదా, నువ్వు బో, అన్నాడు.”

ఇక చేయాల్సిన పరీక్ష ఒకటే. అడుగు కుళాయి మూసి, దానికి తగిలించిన రబ్బరు గొట్టం ఊడదీసి, కుళాయి తెరవాలి. నీరు చిమ్ముకుంటూ పైకి రావాలి. సరంగు అడ్డంపడ్డాడు.

“పడవలోకి నీళ్ళిడిచి చూస్తావా మేస్త్రీ? నీళ్ళు లోపలికి రాకుండా ఉండేదానికే గదా మేం పడవ కట్టుకునేది!”

రెండు నిమిషాలకు మునిగిపోదని బతిమాలి తెరిచాను. బొట్లు బొట్లుగా, కారే ముక్కులా, నీరు వచ్చింది. అంతే. సరంగు చొక్కా విప్పి ఏట్లోకి దూకి పడవ కిందికి పోయాడు. తేలి, ముఖం తుడుచుకుని చెప్పాడు.

“ఆడేం లేదు మేస్త్రీ. నున్నగా ఉండాది.”

చిల్లుల రేకు నున్నగా ఉండకూడదు. సన్న మేకు ఒకటి అందించాను. మళ్ళీ మునిగాడు. కింద గీకుతున్న చప్పుడు పలకల్లోంచి వినిపించింది. ఉన్నట్టుండి కుళాయిలోంచి నీరు నడుమెత్తు లేచి నా ముఖాన కొట్టింది. మూయాలని తోచక, అలా కాసేపు తడుస్తూ కూర్చున్నాను. నీరు చల్లగా ఉంది.

మర్నాడు పడవ మొగ దాటి పూర్తి వేగంతో మూడు గంటలు పోయింది. ముల్లు దాని చోటు వదల్లేదు. తిరిగి వస్తుండగా సరంగుతో నిజం చెప్పుకోవాలనిపించింది.

“ఆ రేకు మీద తారు పూయించింది నేనే.”

“తెలుసు మేస్త్రీ. పూసింది నేనే గదా. చిల్లులు మూసకపోతా ఉంటే ఇదేందా అనుకున్న్యా.”

“మరి అడగలేదే?”

“ఎక్కడా చెక్క కనపడకూడదంటివి. చదువుకున్నోడివి, దీనిక్కూడా ఏదో లెక్కుంటుందిలే అనుకుంటి.”

ఇకమీద నేను చెప్పేదాకా నిలబడొద్దని అతడికి చెప్పాను. అతడు అలా కూర్చోవడానికి మాత్రం ఇంకో రెండు నెలలు పట్టింది.

ఆఫీసుకు మాత్రం నిజం అంత తేలిగ్గా రాయలేకపోయాను. “నీరు వచ్చు మార్గమున గల అడ్డంకి తొలగించబడినది” అని రాశాను. అడ్డంకి ఎలా వచ్చిందో రాయలేదు, ఎవరూ అడగలేదు. అడక్కపోవడానికి కారణం తర్వాత తెలిసింది. సముద్రపు వేడి మీద నా మొదటి నివేదిక అప్పటికే చాలా పైకి వెళ్ళిపోయింది. రెండోది దాన్ని అందుకోలేకపోయింది. నాలుగు నెలల తర్వాత ఒక చెక్కపెట్టెలో ఊకలో పొదిగిన థర్మామీటరు, దానితో లావుపాటి పుస్తకం వచ్చాయి. రోజుకు మూడుసార్లు సముద్రపు నీటి వేడి కొలిచి రాయాలని ఆజ్ఞ.

కొలిచాను. ఎండలో, వానలో, తుపాను గాలిలో పడవ అంచున వంగి కొలిచాను. మొదటిరోజు సరంగు తల్లి నిలబడి చూసింది.

“ఏమైంది అబ్బయ్యా, సముద్రానికి జరమొచ్చిందా?”

“ఎవరో వచ్చిందని రాశారంటవ్వా.”

“ఎవరా తెలివిగల్లోడు?”

పుస్తకంలో అంకె వేయడంలో మునిగిపోయినట్టు నటించాను. ఆవిడ నవ్వు ఆపుకుంటూ చేపల వైపు పోయింది. కొడుకు ఇంట్లో అంతా చెప్పే ఉంటాడు.

రెండున్నరేళ్ళకు నాకు బదిలీ అయింది. నా తర్వాత వచ్చిన కుర్ర మెకానిక్కుకు ఇంజన్, పనిముట్లు, థర్మామీటరు, సగం నిండిన రెండో పుస్తకం అప్పగించాను. పడవను ఒడ్డుకు లాగించి మరీ అడుగున ఉన్న ఇత్తడి రేకును చూపించాను. అతడు దాన్ని అన్యమనస్కంగా చూసి, నీటి వేడి ఏ వేళకు కొలవాలో మాత్రం శ్రద్ధగా అడిగి రాసుకున్నాడు. ఎందుకు కొలవాలో అడగలేదు. నేనూ చెప్పలేదు.