బుద్రిని అడిగినప్పుడు

అరకులో నేను నర్సుగా పనిచేసే ఆసుపత్రికి ఈ ఉదయం బుద్రి అనే ఆమెను భర్త, అత్త కలిసి తీసుకొచ్చారు. ఇంకా ముప్పై దాటలేదు, పిల్లలు లేరు. నెలనెలా విపరీతంగా రక్తం పోయి, నిన్న కాఫీ తోటలో కళ్లు తిరిగి పడిపోయిందట.

స్కానింగ్ చూసిన డాక్టరమ్మ గర్భసంచిలో పెద్ద గడ్డ ఉందని, ముందు రక్తం ఎక్కించి, తర్వాత ఆపరేషన్‌లో గడ్డ ఒక్కటే తీయొచ్చని చెప్పారు.

“సంచీ కూడా తీసీండమ్మా. మళ్లీ ఇలాగే పడిపోయి సచ్చిపోద్దేమోనని బయ్యంగా ఉంది” అని అత్త ఏడ్చింది. భర్త తలూపాడు.

నేను ఊరుకోలేక బుద్రి వైపు తిరిగాను. “నువ్వేటంటావమ్మా?”

“నన్నడుగుతన్నారేటి?” అంది ఆశ్చర్యంగా. తర్వాత నెమ్మదిగా, “సంచీ ఉంచీండి. నాకు పిల్లలు కావాల” అంది.

ఆపరేషన్‌లో రక్తం ఆగకపోతే ప్రాణం కోసం సంచీ తీయాల్సి రావచ్చని డాక్టరమ్మ దాచకుండా చెప్పారు. బుద్రి సరేనని వార్డులో చేరింది.

సాయంత్రం నేను డ్యూటీ దిగుతుంటే అత్త నా చెయ్యి పట్టుకుంది. “దానికేటి తెలుసు, సంచీ తీసీమని మీరే డాక్టరమ్మకి సెప్పండి” అంది.

కడుపులో గడ్డుందని మిషన్ చెబితే వెంటనే నమ్మారు. పిల్లలు కావాలని బుద్రి చెబితే మాత్రం దానికేం తెలుసంటున్నారు. మీ ఇళ్లల్లో ఆడవాళ్ల ఆపరేషన్ సంగతి ఎవరు తేలుస్తారో కాస్త నిజం చెప్పండి.