కొడుకు ముందు కూర్చున్న కుక్క

పోలీసు కుక్కను తిప్పడం నా ఉద్యోగం. ధర్మవరం నుంచి హిందూపురం దాకా ఎక్కడ దొంగతనమో హత్యో జరిగినా మా ఇద్దరినీ జీపులో ఎక్కిస్తారు. నాకన్నా ముందు దానికి అన్నం పెట్టాలి, నాకు జ్వరమొచ్చినా ముందు దాన్నే డాక్టరుకు చూపించాలి. "నన్ను ఒక్కరోజన్నా అట్ల చూసుకుంటివా?" అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. అది నవ్వుకునే సంగతి. నవ్వు రాని సంగతి ఒకటుంది. జనం దాన్ని దేవుడనుకుంటారు. అది ఎవరి ముందు కూర్చుంటే వాళ్లే దొంగ, వాళ్లే హంతకుడు. దానికి వాసన తప్ప ఇంకేమీ తెలియదప్పా అని నెత్తీ నోరూ కొట్టుకున్నా వినే నాథుడు లేడు.

మొన్నటి ఎండాకాలం పరిగి దగ్గర ఒక పల్లెలో ముసలాయన కనిపించకుండా పోయాడు. మతిమరుపు మనిషి. పొద్దున కాళ్లకు చెప్పులు కూడా లేకుండా బయటికి వెళ్లినవాడు తిరిగి రాలేదు. మరుసటి రోజు మమ్మల్ని పిలిచారు. ధర్మవరంలో మగ్గాల ఇంటికి ఇచ్చిన ఆయన కూతురు తెల్లవారుజామునే వచ్చి, వాకిలి ఊడ్చి, పేడనీళ్లు చల్లి, ముగ్గు కూడా వేసి పెట్టింది. ముసలాయన పంచె, తువ్వాలు, దుప్పటి సబ్బు పెట్టి ఉతికి, మడతలు వేసి నా చేతికిచ్చింది.

"ఇవన్నీ ఎందుకమ్మా ఉతికినావు?" అన్నాను.

"సార్లు ముట్టుకుంటారు గదా సార్. మురికివి ఎట్లిచ్చేది?"

నాకు ఒళ్లు మండింది. వాసనంతా సబ్బునీళ్లలో పోయాక కుక్కకు ఏం చూపించేది? పోలీసులొస్తున్నారంటే చాలు, చుట్టాలొస్తున్నట్టు ఇల్లంతా కడిగిపెట్టే ఊళ్లు మావి. కానీ ఆమె ముఖం చూశాక తిట్టడానికి నోరు రాలేదు.

ఉతకకుండా మిగిలినవి గడప పక్కనున్న ఆయన టైరు చెప్పులే. ఇంకెవరైనా వేసుకున్నారా అని అడిగాను.

"మా నాయన చెప్పులు ఇంకెవరు ఏసుకుంటారు సార్?"

ఆమె అబద్ధం చెప్పలేదు. తను రాకముందు జరిగింది ఆమెకు తెలియదు.

కుక్క వాసన పట్టి లాగడం మొదలుపెట్టింది. చేను దాటింది, ఎండిన బావి చుట్టూ తిరిగింది, హిందూపురం రోడ్డు మీద బస్సు ఆగే చోటికి పోయింది. వెనక సగం ఊరు, చేతుల్లో ఫోన్లు. "దొరుకుతాడు గదా సార్? మా నాయన దొరుకుతాడు గదా?" అంటూ ఆమె నా పక్కనే పరుగెత్తుతోంది. కుక్క అక్కడి నుంచి మళ్లీ ఊరివైపు తిరిగింది. గడ్డివామి దగ్గర ముసలాయన కొడుకు మోకాళ్ల మీద తల పెట్టుకుని కూర్చుని ఉంటే, అతని ముందు ఆగి, కూర్చుని, మొరిగింది.

"పట్టేసిందప్పా! కొడుకే!" అని ఎవరో అరిచారు.

చెల్లెలు అతని చొక్కా పట్టుకుంది. "నాయన్ని ఏం చేసినావన్నా? యాడ పెట్టినావు?"

"నా చెప్పులు తెగిపోయినాయి పాపా. నాయనవి ఏసుకోని రాత్రంతా ఎతికి, తెల్లారకముందే గడప కాడ ఇడిచిన," అన్నాడు అతను ఏడుస్తూ.

నాకప్పుడు అర్థమైంది. చెప్పుల్లో కొత్తగా పట్టిన వాసన అతనిది. అతను తండ్రిని వెతికిన దారినే కుక్క మమ్మల్ని తిప్పింది. గొంతు చించుకుని చెప్పాను. ఎస్సైకి అర్థమై, అతన్ని స్టేషనుకు తీసుకుపోలేదు. కానీ ఆ వీడియో అప్పటికే ఊరు దాటిపోయింది. సాయంత్రానికి ధర్మవరంలో మగ్గాల దగ్గర కూడా అదే మాట అంట.

కొన్నాళ్లకు పెనుకొండ కొండ కింద ముళ్లకంపల్లో గొర్రెల కాపరులకు ముసలాయన శవం కనబడింది. ఏ బస్సో ఎక్కి అంత దూరం పోయి ఉంటాడు. ఒంటి మీద ఒక్క దెబ్బ లేదు, ఎండకు పోయాడని డాక్టర్లు తేల్చారు. ఇక ఆ కొడుకు బయటపడ్డాడని సంతోషించాను. నా అంత వెర్రివాడు ఇంకొకడు ఉండడు.

పూడ్చే రోజు కుక్కను స్టేషనులోనే వదిలేసి, మామూలు బట్టల్లో వెళ్లాను. గుంతలో మొదటి పిడికెడు మట్టి కొడుకు వేయాలి. ఆ కొడుకును శ్మశానం కంచె దగ్గరే నిలబెట్టేశారు. అల్లుడు చేతిలో మట్టి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు. నేను తిన్నగా కూతురి దగ్గరికి పోయి చెప్పుల సంగతి, వాసన సంగతి, డాక్టర్ల మాట మొదటి నుంచీ చెప్పాను. ఆమె మధ్యలో అడ్డు రాకుండా విన్నది.

"ఇన్నేండ్లలో మీ కుక్క ఎప్పుడన్నా తప్పు చేసిందా సార్?" అని అడిగింది.

చేయలేదు. ఆ రోజు కూడా చేయలేదు.

"లేదమ్మా, కానీ..."

"చాలు సార్," అని ఆమె భర్త వైపు తిరిగి తల ఊపింది. అతను మట్టి వేశాడు.

నేను కంచె వైపు చూశాను. ఆమె అన్న నన్నే చూస్తున్నాడు. నేను "లేదమ్మా" అన్నది అతనికీ వినిపించింది.