గ్రిల్లుకు కట్టిన మౌస్

నరసరావుపేటలో నేను అద్దెకుంటున్న ఇంట్లో కింది వాటా ఇంటావిడది. ఆమె జాకెట్లు కుడుతుంది. నేను పెద్దమ్మా అని పిలుస్తాను. పై వాటాలో కిటికీ పక్కన కూర్చుని ఒక హైదరాబాదు కంపెనీకి వెబ్ పేజీలు రాయడం నా పని.

కొన్నేళ్లుగా పెద్దమ్మకు చెవులు మెల్లమెల్లగా వినపడటం మానేశాయి. చెవి మిషను పెట్టుకుంటే లోపల తేనెటీగలు తిరిగినట్టుందని తీసి బీరువాలో పడేసింది. ఎదురుగా నిలబడి నిదానంగా మాట్లాడితే పెదవులు చూసి పోల్చుకుంటుంది. మాటలతో ఎలాగో నెట్టుకొచ్చేది కానీ, తలుపుతోనే వచ్చింది చిక్కు. జాకెట్ల కోసం వచ్చినవాళ్లు వరండా గ్రిల్లు దగ్గర నిలబడి, పిలిచి పిలిచి వెళ్లిపోయేవారు. అందుకని ఆమె కుట్టే పని ఆపి మాటిమాటికీ లేచి, మోకాళ్లు పట్టుకుంటూ గ్రిల్లు దాకా వచ్చి చూసిపోయేది.

ఒక వేసవి మధ్యాహ్నం నేను మెట్లు దిగుతుంటే వీధంతా ఎండలో తెల్లగా, మనిషన్నవాడు లేకుండా ఉంది. పెద్దమ్మ గ్రిల్లు పట్టుకుని ఆ తెల్లటి వీధి వంక చూస్తోంది.

"ఎవరొచ్చారు పెద్దమ్మా?"

"ఎవరూ రాలా. వచ్చారేమోనని చూస్తన్నా."

ఆ మాట పట్టుకుని మళ్లీ పైకి వచ్చాను. రోజంతా జావాస్క్రిప్టులో నేను తప్పించేది ఇదే కదా అనిపించింది. ఎవరైనా బటన్ నొక్కారా లేదా అని పేజీ అస్తమానం వెళ్లి చూడక్కర్లేదు. 'నొక్కినప్పుడు నన్ను పిలువు' అని ఒక ఫంక్షన్ని, అంటే చిన్న కోడు ముక్కని, తగిలించి, తన పని తాను చేసుకుంటూ ఉంటుంది. ఎప్పుడొస్తుందో తెలియని దానికోసం కళ్లు కాయలు కాసేలా ఎదురుచూడనవసరం లేదు.

మూల పడి ఉన్న పాత ల్యాప్‌టాప్ దుమ్ము దులిపాను. వైర్‌లెస్ మౌస్ ఒకటి ప్లాస్టిక్ కవర్లో చుట్టి, లంగా నాడాతో గ్రిల్లుకు కట్టాను. ల్యాప్‌టాప్‌ను కుట్టు మిషను ఎదురుగా ఒక స్టూలు మీద పెట్టాను. తెర మామూలుగా నల్లగా ఉంటుంది. బయట ఎవరైనా మౌస్ నొక్కితే పసుపు పచ్చగా వెలిగి, సాయంత్రం ఎండ గోడ మీంచి జారిపోయినట్టు నెమ్మదిగా ఆరిపోతుంది.

మొదటి రోజు పెద్దమ్మ ఒక్క జాకెట్టూ కుట్టలేదు. నన్ను బయటికి పంపించి నొక్కించుకుంటూ కూర్చుంది. ఆ వెలుగు ఆమె ముఖం మీద, గోడకు వేలాడే గుడ్డల మీద పడి పోతుంటే, ఆ గది నీళ్ల అడుగున ఉన్నట్టు కనిపించింది నాకు.

"ఇద్దరొచ్చి ఇద్దరూ నొక్కితే ఏందే?" అని అడిగింది.

"రెండుసార్లు వెలుగుద్ది."

"మొదటిది ఆరకముందే రెండో ఆమె నొక్కితే?"

"ఆగుద్ది పెద్దమ్మా. మొదటిది ఆరినాక రెండోది వెలుగుద్ది. ఏదీ పోదు."

"ఇట్టా తగిలించేదాన్ని ఏమంటారే?"

"హుక్కు అంటాం."

చేతిలో ఉన్న జాకెట్టు వంక చూసుకుని పకపకా నవ్వింది. "హుక్కులు కుట్టటానికి నీకు అంత చదువెందుకే? నన్నడిగితే నేర్పేదాన్ని గదా!"

కొన్నాళ్లు బాగానే నడిచింది. ఒకరోజు పనిలో ఉండగా కింద నుంచి అల్లం టీ వాసన పైదాకా వచ్చింది. దిగి వెళ్లాను. పెద్దమ్మ పళ్లెంలో నాలుగు గ్లాసుల టీ పట్టుకుని గ్రిల్లు దగ్గర నిలబడి ఉంది. అవతల పక్కవీధి ఆవిడ గుడ్డల సంచితో ఒక్కతే ఉంది.

"మిగతావాళ్లేరే?" అంటోంది పెద్దమ్మ.

"నేనొక్కదాన్నే వచ్చా."

"నాలుగుసార్లు వెలిగింది గదా!"

ఆవిడ వెనక్కి తిరిగి ఖాళీ వీధి చూసుకుంది. పోసిన టీ పారబొయ్యడమెందుకని ఎదురింటావిడను కేకేశాం. నలుగురం వరండాలో కూర్చుని తాగాం. మర్నాడు ఇంకా ఎక్కువసార్లు వెలిగిందట. ఇంకో రెండు గ్లాసులు పెరిగాయి. ఏ మధ్యాహ్నం చూసినా వరండాలో ఆడవాళ్లు, మాటలు.

తప్పు నాదేనని తెలుస్తూనే ఉంది. ఆదివారం కిందికి వెళ్లి, గుడ్డ ముక్కల మధ్య చాప మీద కూర్చుని ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నాను. కాసేపటికి దొరికింది. ల్యాప్‌టాప్ నిద్రలోకి జారి మళ్లీ లేచినప్పుడల్లా నా హుక్కు మళ్లీ మొదటి నుంచి పనిచేసి, కొత్తగా ఇంకొక ఫంక్షన్ని వినమని తగిలిస్తోంది. పాతవాటిని తీసెయ్యమని నేను రాయలేదు. అవన్నీ అక్కడే చెవులు రిక్కించుకుని కూర్చుని, బయట ఒక్కసారి నొక్కితే చాలు, ఒకదాని తర్వాత ఒకటి వెలిగిస్తున్నాయి. కొత్తది తగిలించేముందు పాతది తీసేసే ఒక్క లైను రాస్తే సరిపోతుంది.

"ఏంది చేస్తన్నావే?" అంది పెద్దమ్మ.

"పాతవి తీసేస్తన్నా. నాలుగుసార్లు వెలిగినా వచ్చేది ఒక్కరే పెద్దమ్మా. నా లెక్క తప్పింది."

ఆమె సూదిలో దారం ఎక్కించి ముడి వేసింది.

"తెలుసులేవే," అంది. "రెండో రోజే అర్థమైంది. అయినా అన్నిసార్లు వెలుగుతుంటే చానామంది వచ్చినట్టుండె. గ్లాసులు పెట్టబుద్ధయింది."

నా వేళ్లు కీబోర్డు మీదే ఆగిపోయాయి. తీసెయ్యాలనిపించలేదు. అలాగని వదిలేస్తే, నిజంగా ఇద్దరొచ్చిన రోజు ఆమెకెలా తెలుస్తుంది? లైను రాసేశాను. ఆమే లేచి గ్రిల్లు దగ్గరికి వెళ్లి మౌస్ నొక్కింది. తెర ఒక్కసారి వెలిగి ఆరింది. గుమ్మంలో నిలబడి, ఇంకోటి వస్తుందేమోనన్నట్టు కొంచెంసేపు చూసింది.

టీ మాత్రం ఆగలేదు. ఎదురింటావిడకు ఆ వేళకు రావడం అలవాటైంది. వచ్చి తనే నొక్కేది. ఒకరోజు పెద్దమ్మ దారపు రీళ్ల డబ్బా నా ముందు పెట్టి, "నీకొక రంగు పెట్టవే. వచ్చేది నువ్వేనని తెలియాల," అంది. తనే వెతికి నెమలికంఠం రంగు రీలు తీసింది. ఆ రంగును మౌస్ కుడి బటన్‌కు పెట్టాను. దాన్ని నేను తప్ప ఎవరూ నొక్కకూడదని అందరికీ చెప్పింది.

మొన్న ఒక సాయంత్రం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని మీటింగులో ఉన్నాను. అయ్యాక తలుపు తీస్తే, పై మెట్టు మీద పెద్దమ్మ కూర్చుని ఉంది. ఒళ్లో ఉడకబెట్టిన శనక్కాయలు.

"ఎంతసేపయింది పెద్దమ్మా వచ్చి?"

"చానాసేపయింది. తలుపు కొట్టా. నీకు వినపడలా." అని దగ్గు వచ్చేదాకా నవ్వింది.

ఆమె పక్కనే మెట్టు మీద కూర్చున్నాను. దూరంగా కోటప్పకొండ పొగమంచులో బొమ్మలా మసకబారుతోంది. మీటింగులో ఎవరేమన్నారో చెప్పబోయాను. చీకటి పడుతుంటే నా పెదవులు ఆమెకు కనబడటం లేదని మధ్యలో తెలిసింది. మాట ఆపేశాను. ఆమె నా అరచెయ్యి తెరిచి, వొలిచిన గింజలు పోసింది.