ఆ కంచు చెంబు మనది కాదన్న మేడమ్

పోయిన వారం కెనడాలోని సస్కటూన్‌లో మా మేడమ్ కన్నుమూశారు. అప్పట్నుంచీ మా తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో ‘సౌమ్యురాలు, ఎవరినీ నొప్పించి ఎరగరు’ అని రాస్తున్నారు. నేను ఒప్పుకోను. ఆవిడ నొప్పించారు. నొప్పించవలసిన చోటే నొప్పించారు.

యూనివర్సిటీలో ఆవిడ మాకు ఆసియా కళాచరిత్ర చెప్పేవారు. చంపా రాజుల కొలువుల్లో వాడిన కంచు పాత్రలంటే ఆవిడకు ప్రాణం. నేటి వియత్నాం తీరంలో ఒకప్పుడుండిన రాజ్యం అది. తెర మీద కొమ్ముచెంబు బొమ్మ వేసి, దాని మెడ చుట్టూ ఉన్న తామరరేకులను వేలితో గాలిలో గీస్తూ, క్లాసు టైమైపోయిన సంగతే మరిచిపోయేవారు.

ఒక ఉగాదికి మా తెలుగు సంఘం వాళ్ళు ఆవిడను మాట్లాడమన్నారు. చెంబు బొమ్మ కనపడగానే సంఘం అధ్యక్షుడుగారు మైకు అందుకున్నారు.

“చూశారా! ఇది మన చెంబే. వాళ్ళకి సివిలైజేషన్ నేర్పింది మనవాళ్ళే!”

హాలంతా చప్పట్లు. అవి సద్దుమణిగేదాకా మేడమ్ ఆగారు.

“కాదండీ. మన దేవుళ్ళని తీసుకున్నారు, లిపి తీసుకున్నారు, తమకి నచ్చినట్టు మార్చుకున్నారు. ఈ చెంబు పోత పోసింది వాళ్ళు. మన గొప్ప చెప్పుకోడానికి వాళ్ళ పనితనం లాక్కోవాలా?”

“పండగ పూట ఈ ఆర్గ్యుమెంట్ ఎందుకు మేడమ్? ఆ ఒక్క ముక్క వదిలేసి కంటిన్యూ చేయండి.”

“ఆ ముక్క చెప్పడానికే వచ్చాను. ఇంకోటి కూడా వినండి. ఆ చంపా వాళ్ళు, చామ్ జనం, అంతరించిపోలేదు. ఇవాళ్టికీ ఉన్నారు, వాళ్ళ భాష మాట్లాడుకుంటున్నారు.”

మైకు ఆపేశారు. ఆవిడ గొంతు పెంచి, ఖాళీ అవుతున్న కుర్చీలకే మిగతాది చెప్పారు.

కారులో నేను, “ఇక మిమ్మల్ని పిలవరేమో మేడమ్” అన్నాను.

“పిలవకపోతే మానె. ఆ హీటర్ పెంచు, కాళ్ళు గడ్డకడుతున్నాయి.”

నిజంగానే మళ్ళీ పిలవలేదు. ఆవిడ అదే ప్రసంగాన్ని లైబ్రరీలో చేసి, ఆన్‌లైన్‌లో పెట్టించారు. కింద తిట్లు రాసినవాళ్ళకు కూడా ‘అండీ’ అంటూ జవాబిచ్చేవారు. అన్న మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు.

అంత్యక్రియల రోజు నన్ను మాట్లాడమన్నారు. “ఆ గొడవ ఎత్తకమ్మా” అని అధ్యక్షుడుగారు చెవిలో చెప్పారు. ఎత్తాను. మొదట్నుంచి చివరిదాకా చెప్పాను.

నేను వచ్చి కూర్చున్నాక, వెనక వరసలోంచి మాకెవరికీ తెలియని ఒక ముసలావిడ లేచింది. తాము చామ్‌లమనీ, మేడమ్ వీడియో ఎప్పుడో చూశామనీ, ఆవిడ పోయారని తెలిశాక అమ్మ పట్టుబట్టడంతో విన్నిపెగ్ నుంచి ఎనిమిది గంటలు డ్రైవ్ చేసుకొచ్చామనీ ఆవిడ కొడుకు ఇంగ్లీషులో చెప్పాడు. ఆవిడ శవపేటిక అంచు మీద చెయ్యి ఆనించి, తన భాషలో మేడమ్‌తో మాట్లాడటం మొదలుపెట్టింది. మాకు ఒక్క మాటా అర్థం కాలేదు. అయినా ఎవరూ కదలలేదు. బయట మంచు తోసే బండి వచ్చి, వెళ్ళింది. ఆవిడ ఇంకా మాట్లాడుతూనే ఉంది.