ఉప్పు బిళ్ల మీద నాయిన నాలుక

మా నాయినకు తెలిసిన ఉప్పు గొర్లకు పెట్టేది. దుకాణంలో చిటికెడు నాలుక మీద వేసుకుని, తల ఊపాకే మూట ఎత్తేవాడు. బషీరాబాద్ దగ్గర పల్లె మాది. నా పరిశోధన కూడా ఉప్పు మీదే అని ఆయనకు నచ్చజెప్పడానికి నేను పడ్డ తంటాలు అన్నీ ఇన్నీ కావు.

హైదరాబాద్ ల్యాబ్‌లో గాలంతా లాగేసిన డబ్బాలో ఉప్పు బిళ్లను బాగా చల్లబరిచి, దాని మీదికి కాస్త కార్బన్ డయాక్సైడ్ వదిలేదాన్ని. ఆ అణువులు పల్చటి పొరగా ఉప్పుకు అంటుకుంటాయి. కంటికి కనపడని పరారుణ కాంతిని అందులోంచి పంపితే, అవి నిటారుగా నిలబడ్డాయో పక్కకు ఒరిగాయో తెలుస్తుంది.

"ఉప్పు మీద గాలి కూసుంటదా? దాన్ని నువ్వు సూస్తవా?" అని నాయిన పడి పడి నవ్వేవాడు. ఆ నవ్వు మళ్లీ వినాలని ఇప్పుడు ఎంత అనిపిస్తుందో.

అప్పుడు మాత్రం ఉక్రోషం వచ్చింది. ఒక శనివారం, మా ప్రొఫెసర్ మేడమ్‌కు చెప్పకుండా, సోమవారం ప్రయోగానికి మెరుగు పెట్టి ఉంచిన బిళ్లను తీసుకుని తాండూరు రైలెక్కాను.

"గిది ఉప్పా? అద్దం లెక్కుంది గద!" అన్నాడు నాయిన. తడి తగిలితే పాడవుతుందని చెప్పడం మరిచిపోయి, చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లాను. వచ్చేసరికి బిళ్లను నాకి చూసి, తువ్వాలతో తుడుస్తున్నాడు. ముఖం వెలిగిపోతోంది.

"ఉప్పే బిడ్డా! అసలు ఉప్పు!"

బిళ్ల మసకబారింది. నడుమ నాలుక తగిలిన చోట చిన్న గుంట.

"నీకు బుద్ధుందా? గొర్ల ఉప్పనుకున్నవా?" అని అరిచాను. నాయిన బిళ్లను మెల్లగా కింద పెట్టి మంద వైపు వెళ్లిపోయాడు.

మళ్లీ మెరుగు పెడితే సరిపోతుందని నాకు తెలుసు. అయినా అరిచాను. సోమవారం స్పిరిట్‌తో తడిపిన గుడ్డ మీద కాసేపు రుద్దితే గుర్తంతా పోయింది. ఇంటికి ఫోన్ చేసి ఆ మాట చెప్పాల్సింది. సిగ్గుపడి చెప్పలేదు.

ఏళ్ల తర్వాత నేను వికారాబాద్ కాలేజీలో పాఠాలు చెబుతుంటే నాయిన చూడటానికి వచ్చాడు. ల్యాబ్‌లో పాత ఉప్పు బిళ్ల ఒకటి తీసి ఆయన ముందు పెట్టాను.

"నాకి చూడు నాయినా. ఏం కాదు."

రెండు చేతులూ వెనక్కి కట్టుకుని, వంగి, దూరం నుంచే చూశాడు.

"వద్దు బిడ్డా. నువ్వు ఉప్పన్నంక ఉప్పే."