నురగ లేని మెట్లు

మాచర్ల బస్టాండులో నాకు బస్సు తప్పించిన ఆ ముసలామె పేరు ఇప్పటికీ తెలియదు.

వాన దంచికొడుతోంది. నీళ్లు బస్టాండు మెట్ల మీద ఒక్కో మెట్టుకీ విరిగి, తెల్లగా నురగ కక్కుతూ జారుతున్నాయి. నా పక్కన కూర్చున్న ఆమె ఆ మెట్లనే చూస్తోంది.

విజయపురి సౌత్ బస్సు వచ్చేసరికి వాన ఇంకా పెరిగింది. నీళ్లు మెట్లన్నిటినీ కప్పేసి అద్దంలా నున్నగా పారుతున్నాయి. నేను మెట్లు దిగబోతుంటే ఆమె నా మణికట్టు పట్టుకుంది.

"దిగమాక నాయనా."

"మడమ కూడా మునగదు పెద్దమ్మా! బస్సు పోద్ది, వదులు."

వదల్లేదు.

"మా ఊరి చెరువు నిండితే నీళ్లు పొర్లిపోయే అలుగుకి కూడా ఇట్టాగే మెట్లుంటయ్. నీళ్లు పల్చగా దూకేటప్పుడు వాటి మీద బట్టలుతుక్కుంటాం. ఆ రోజు నురగ పోయి నీళ్లు నున్నగా అయినయ్. 'తగ్గినయ్ అత్తా, ఈ దుప్పటి జాడిచ్చుకొస్తా' అని మా కోడలు దిగింది. తగ్గలా నాయనా. చానా ఎక్కువైనయ్. మెట్లకి తగలకుండా పైపైనే ఉరుకుతన్నయ్."

బస్సు వెళ్లిపోయింది. కోపమొచ్చింది కానీ, ఆ చేతిని విదిలించుకోలేకపోయాను.

చాలాసేపటికి వాన తగ్గింది. పై మెట్టు అంచున మళ్లీ తెల్లటి నురగ కనిపించింది. అప్పుడు ఆమె వేళ్లు వదులయ్యాయి.

"ఇంక దిగు" అంది.

దిగినా ఎక్కడానికి బస్సు లేదు. అయినా దిగాను. నేను కింది మెట్టు దాటేదాకా ఆమె లేచి నిలబడి నా కాళ్లనే చూసింది.